పోటీ పరీక్షల ప్రత్యేకం: చైనా మధ్యయుగ శిలాశాసనాలు

రాజాస్థానాల్లో రాసిన చరిత్రలను సరిచూసుకోవడానికి శాసనాలు కీలక ఆధారాలు. చైనాలో శాసనాల అధ్యయనం సాంగ్ వంశ కాలంలో (960–1279) ప్రత్యేక శాస్త్రంగా ఎదిగింది.

ముఖ్యాంశాలు

- ఓయాంగ్ షియు: 11వ శతాబ్దపు పండితుడు. శాసనాల నకళ్లు సేకరించి, ‘జిగులు’ అనే వ్యాఖ్యాన గ్రంథం రాశాడు.
- జావో మింగ్‌చెంగ్: శాసనాల గ్రంథమైన ‘జిన్‌షిలు’ రచయిత. ఆయన మరణానంతరం భార్య, కవయిత్రి లీ చింగ్‌జావో దాన్ని పూర్తిచేసింది.
- సమాధి శాసనాలు: మృతుడి వంశం, పదవులు, మరణ తేదీ తెలుపుతాయి. స్త్రీల జీవితాలకూ ఇవి విలువైన ఆధారాలు. అయితే వీటిలో పొగడ్త ఎక్కువ కాబట్టి ఇతర ఆధారాలతో పోల్చి చూడాలి.
- షియాన్ శాసనం: క్రీ.శ. 781 నాటిది. చైనా, సిరియాక్ భాషల్లో ఉంది. 635లో మతప్రచారకుడు అలోపెన్ రాకతో చైనాలో క్రైస్తవం ప్రవేశించిన తీరును వివరిస్తుంది.
- కైచెంగ్ శిలా గ్రంథాలు: 837లో పూర్తయ్యాయి. కన్ఫ్యూషియన్ గ్రంథాలను రాతిపై చెక్కించారు.
- చువాన్‌జౌ శాసనం: 1281 నాటి తమిళ–చైనా శాసనం. అక్కడి శివాలయాన్ని ప్రస్తావిస్తుంది.

గుర్తుంచుకోండి: షియాన్ శాసనం, కైచెంగ్ శిలా గ్రంథాలు రెండూ షియాన్‌లోని బెయిలిన్ మ్యూజియంలో ఉన్నాయి.