పర్వత గ్రామాలలో టోర్నడోలు: వెంటనే కనిపించే నష్టం, ఆలస్యంగా బయటపడే నష్టం

కొండలు పెనుగాలులను అడ్డుకుంటాయన్న నమ్మకం పర్వత ప్రాంత సమాజాలలో తరచుగా వినిపిస్తుంది. అమెరికాలోని అపలేచియన్ పర్వత పల్లెలలోనూ ఈ నమ్మకం ఉండేది. 1944 జూన్ 23న పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో షిన్స్‌టన్ పట్టణాన్ని, పరిసర గ్రామాలను తాకిన టోర్నడో నూరుమందికి పైగా ప్రాణాలను బలిగొని, ఆ నమ్మకం నిరాధారమని నిరూపించింది. పర్వత గ్రామాల వ్యవసాయంపై టోర్నడోల ప్రభావాన్ని, తూర్పు కనుమల ఏజెన్సీ మండలాలకు వర్తించే విస్తరణ పాఠాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

టోర్నడో స్వభావం

వేసవిలో బీడు భూములలో దుమ్ము లేపే సుడిగాలికీ టోర్నడోకూ పోలిక రూపంలోనే. సుడిగాలి వేడెక్కిన నేల నుండి పైకి లేస్తుంది. టోర్నడో ఉరుములు, మెరుపులతో కూడిన క్యుములోనింబస్ మేఘం అడుగు నుండి నేల వరకు తీవ్రవేగంతో తిరిగే గాలిస్తంభం. తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి రోజుల తరబడి సాగుతుంది. దాని రాకను ముందుగానే అంచనా వేయవచ్చు. టోర్నడో వెడల్పు సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించదు, హెచ్చరికకు లభించే వ్యవధి నిమిషాలలోనే ఉంటుంది.

టోర్నడో తీవ్రతను నష్టాన్ని బట్టి లెక్కిస్తారు. అమెరికాలో 2007 నుండి అమలులో ఉన్న మెరుగుపరచిన ఫుజిటా కొలమానంలో ఇ.ఎఫ్.0 నుండి ఇ.ఎఫ్.5 వరకు ఆరు శ్రేణులున్నాయి. ఇ.ఎఫ్.0లో గాలివేగం గంటకు సుమారు 105 కి.మీ. వద్ద మొదలవుతుంది; ఇ.ఎఫ్.5లో 322 కి.మీ. దాటుతుంది.

కొండలు అడ్డుకుంటాయా?

ఎత్తైన ప్రదేశాలలో గాలి చల్లగా, తేమ తక్కువగా ఉండటం వలన టోర్నడోలు అరుదుగా ఏర్పడతాయి. అయితే ఒకసారి ఏర్పడిన టోర్నడోను పర్వతం ఆపలేదు. 1987 జూలై 21న వ్యోమింగ్ రాష్ట్రంలో ఎఫ్.4 తీవ్రత గల టోర్నడో సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఖండ జలవిభాజక రేఖను దాటి, దాదాపు 6,000 హెక్టార్ల అడవిని నేలమట్టం చేసింది. శాస్త్రవేత్త ఫుజిటా విమానం నుండి తీసిన ఛాయాచిత్రాలలో చెట్లు ఒరిగిన దిశలను పరిశీలించి దాని మార్గాన్ని గుర్తించారు. 2012 మార్చి 2న కెంటకీ రాష్ట్రపు కొండలలోని వెస్ట్ లిబర్టీ పట్టణాన్ని ఇ.ఎఫ్.3 టోర్నడో ధ్వంసం చేసింది.

కొండలు గాలిని ఆపకపోగా హెచ్చరికను ఆపుతాయి. రాడార్ కిరణాలకు శిఖరాలు అడ్డుపడటం వలన లోయలో నేలకు దగ్గరగా జరిగే గాలి భ్రమణం నమోదు కాకపోవచ్చు. లోయలో నివసించేవారికి ఆకాశం కొద్దిమేరే కనిపిస్తుంది. చరవాణి సంకేతాలు అన్నిచోట్లా అందవు. పల్లెకు ఉన్న ఒక్క దారిపై చెట్లు కూలితే సహాయం గంటల తరబడి చేరదు.

వ్యవసాయ నష్టం

అపలేచియన్ రైతు కమతాలు చిన్నవి. వాలులలో పచ్చిక, పశువులు, అడవి కలప, కొంత పొగాకు అక్కడి ఆధారాలు. టోర్నడో మార్గంలో కొట్టాలు, నిల్వ గడ్డి, కంచెలు మొదట పోతాయి. కంచె తెగిన పశువులు దారులపైకి, పొరుగు పొలాలలోకి చేరతాయి. ఇది వెంటనే కనిపించే నష్టం.

ఆలస్యంగా బయటపడే నష్టాలు మూడు. మొదటిది, పచ్చికలో చెదిరిపడిన మేకులు, తీగముక్కలు. మేతతో పాటు మింగిన లోహం పశువు రెండవ జీర్ణాశయంలో నిలిచి, దాని గోడను గుచ్చి, గుండె పొరను కూడా చేరవచ్చు. పశువు వారాల తరువాత మేత మానినప్పుడు రైతుకు టోర్నడో గుర్తుకు రాదు. రెండవది, వేళ్ళతో సహా పెకలిన చెట్ల వద్ద బయటపడిన నేల. తరువాతి వర్షాలకు వాలుపై మట్టి కొట్టుకుపోతుంది. వాగులకు అడ్డుపడిన దుంగలు ఆకస్మిక వరదలకు కారణమవుతాయి. మూడవది, కూలిన కలపలో చేరే బెరడు పురుగులు, శిలీంధ్రాలు. సకాలంలో తొలగించని కలప విలువ కోల్పోతుంది.

హుద్‌హుద్ అనుభవం

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద గంటకు సుమారు 180 కి.మీ. వేగంతో తీరం దాటిన హుద్‌హుద్ టోర్నడో కాదు, తుఫాను. అయినా కొండ సేద్యంపై గాలి ప్రభావం విషయంలో పాఠం ఒక్కటే. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కాఫీ తోటలలో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి. వాటి క్రింద నలిగిన కాఫీ మొక్కలు, వాటిపై పాకిన మిరియాల తీగలు వెంటనే లెక్కకు వచ్చే నష్టం. నిలిచిన కాఫీ మొక్క మాత్రం పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

అయితే నీడ కోల్పోయిన అరబికా మొక్క తెల్ల కాండం తొలుచు పురుగుకు అనువైన ఆశ్రయం. ఈ పెంకు పురుగు ఎండ తగిలే కాండంపై, బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. ఇవి బయటికి వచ్చి ఎగిరే కాలాలలో ఒకటి అక్టోబరు–డిసెంబరు, అనగా తుఫానుల కాలమే. లార్వా నెలల తరబడి కాండం లోపల తొలుస్తుంది. మొక్క వాడే నాటికి నష్ట గణన ముగిసి ఉంటుంది. తిరిగి నాటిన మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంతకాలం ఆ గిరిజన కుటుంబానికి ఆ తోట నుండి ఆదాయం ఉండదు.

విస్తరణ కార్యకర్తలకు సూచనలు

1. బహువార్షిక తోటలలో నష్ట గణనను వారంలోపు ఒకసారి, మూడు నెలలకు రెండవసారి, ఏడాదికి మూడవసారి చేపట్టాలి. నీడ కోల్పోయిన విస్తీర్ణాన్ని తొలి గణనలోనే విడిగా నమోదు చేయాలి.
2. చెట్లను తొలగించే ముందు అవి ఒరిగిన దిశను దిక్సూచితో గుర్తించాలి. ఒక రేఖ వైపుకు రెండు ప్రక్కల నుండి ఒరిగితే టోర్నడోను, ఒకే దిశలో లేదా విసనకర్ర ఆకారంలో ఒరిగితే మేఘం నుండి దిగిన పెనుగాలిని అనుమానించాలి.
3. నీడ పోయిన కాఫీలో వదులు బెరడును రుద్ది తీసి, కాండానికి 10 శాతం సున్నపు ద్రావణం పూయించాలి. పురుగు పట్టిన మొక్కలను వేళ్ళతో తీసి కాల్పించాలి. త్వరగా ఎదిగే బాడిదను తాత్కాలిక నీడగా నాటించాలి.
4. శాశ్వత నీడకు సిల్వర్ ఓక్‌తో పాటు పనస, నేరేడు వంటి స్థానిక వృక్షాలను కలిపి పెంచాలి.
5. పచ్చికలో లోహపు ముక్కలను ఏరిన తరువాతనే పశువులను మేతకు వదలాలి.
6. వాలుపై పడిన కొమ్మరెమ్మలను సమోన్నత రేఖల వెంబడి పేర్చి మట్టి కోతను తగ్గించాలి. వాగులలోని దుంగలను వర్షాలకు ముందే తీయించాలి.
7. ప్రతి గూడెంలో కిటికీలు లేని దృఢమైన ఆశ్రయ గదిని ముందుగా గుర్తించి, దండోరా ద్వారా హెచ్చరిక చేరే ఏర్పాటు చేయాలి.

ముగింపు

గాలి నిమిషాలలో వెళ్ళిపోతుంది. కొండ వాలుపై దాని నష్టం ఏళ్ళ తరబడి కొనసాగుతుంది. నిలిచి ఉన్న మొక్కను నష్టం లేని మొక్కగా నమోదు చేసిన గణన, రైతుకు సహాయం అత్యవసరమైన దశలో అతడిని జాబితాకు వెలుపల ఉంచుతుంది. కనుక పర్వత ప్రాంతాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్త ఒకే తోటకు మళ్ళీ మళ్ళీ వెళ్ళి పరిశీలించడాన్ని తన విధిలో భాగంగా భావించాలి.