పాస్‌వర్డ్ కొట్టకుండా దూరపు కంప్యూటర్‌లోకి



కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలు ప్రోగ్రాము ఇంట్లో రాసి, కాలేజీ ల్యాబులోని సర్వర్ మీద నడుపుతుంటారు. తప్పు అక్కడ వస్తుంది, వెతికేవారు ఇక్కడుంటారు. వెతికిన ప్రతిసారీ కొత్త కనెక్షన్, ప్రతిసారీ పాస్‌వర్డ్. విసుగెత్తి కొందరు పాస్‌వర్డును ఒక ఫైలులో రాసి పెట్టేస్తారు. మా మనుమరాలు కూడా అదే చేయబోయి, తరువాత సరైన దారి పట్టింది. పక్కన కూర్చుని చూశాను. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అయినా విషయం త్వరగానే తలకెక్కింది, ఎందుకంటే అది మా కౌంటరు పనే.

ఈ పద్ధతి పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లాండులో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో పాస్‌వర్డుల దొంగతనం జరిగాక, 1995లో తాటు ఇలోనెన్ దీన్ని తయారుచేశారు. నేడు ఎక్కువగా వాడేది 1999లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

ఖాతా తెరిచేటప్పుడు నమూనా సంతకం తీసుకుని కార్డు బ్యాంకులో ఉంచుకుంటాం కదా. చెక్కు వస్తే దానితో సరిచూస్తాం. కార్డు మా దగ్గర, చెయ్యి ఖాతాదారు దగ్గర. ఇక్కడా అంతే. మీ కంప్యూటర్లో ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్’ అనే ఆదేశం ఇస్తే రెండు కీలు పుడతాయి. రకం అడిగితే ఈడీ25519 ఎంచుకోండి. పబ్లిక్ కీ నమూనా కార్డు వంటిది, అది సర్వర్‌కు వెళ్తుంది. ప్రైవేట్ కీ మీ చెయ్యి, అది మీ కంప్యూటర్ దాటకూడదు. మీరు కనెక్ట్ అయినప్పుడు ఆ కనెక్షన్‌కే చెందిన కొత్త సమాచారం మీద మీ కంప్యూటర్ సంతకం పెడుతుంది, సర్వర్ సరిచూస్తుంది. నిన్నటి సంతకం ఇవాళ పనికిరాదు. మా కార్డులకు లేని గొప్పతనం ఇదే; నమూనాను ఎంతసేపు చూసినా ఫోర్జరీ చేయలేరు.

కీ పుట్టించేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఖాళీగా వదలకండి. లాప్‌టాప్ పోతే అదే అడ్డుగోడ. ‘ఎస్‌ఎస్‌హెచ్-ఏజెంట్’ నడుస్తుంటే దాన్ని రోజుకు ఒకసారి కొడితే చాలు. తరువాత ‘ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ’ ఆదేశంతో పబ్లిక్ కీని సర్వర్‌కు పంపాలి. అప్పుడు మాత్రం పాస్‌వర్డ్ ఒకసారి అడుగుతుంది.

మొదటిసారి సర్వర్ తన వేలిముద్ర చూపి ‘ఎస్’ అనమంటుంది. చాలామంది చూడకుండా అనేస్తారు. ల్యాబు సిబ్బందిని అడిగి ఆ వేలిముద్ర సరిపోల్చుకోవాలి.

మా ఇంట్లో ఒక సాయంత్రమంతా పోయింది. అన్నీ చేసినా మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది! సర్వర్‌లో ఆమె ఫోల్డరులో ఇతరులు కూడా రాయగలిగేలా అనుమతులున్నాయి. అలాంటి చోట ఉన్న కీల జాబితాను సర్వర్ నమ్మదు, కారణం మనకు చెప్పదు. ఇంటి ఫోల్డరుకు ఇతరుల రాత హక్కు తీసేసి, ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డరుకు 700, లోపలి ‘ఆథరైజ్డ్_కీస్’ ఫైలుకు 600 పెట్టాక తలుపు తెరుచుకుంది.

ఇక అసలు పని. సర్వర్‌లో ‘జీడీబీసర్వర్’ ద్వారా ప్రోగ్రామును నడిపి, ఇంటి నుంచి జీడీబీతో చూస్తారు. జీడీబీసర్వర్‌కు సొంత కాపలా లేదు, ఎవరు వచ్చినా లోపలికి రానిస్తుంది. కాబట్టి దాన్ని బయటి నెట్‌వర్కుకు తెరవకుండా ‘లోకల్‌హోస్ట్:2345’ మీద మాత్రమే ఉంచి, ఎస్‌ఎస్‌హెచ్‌లో ‘-ఎల్ 2345:లోకల్‌హోస్ట్:2345’ అని సొరంగం వేసుకోవాలి. జీడీబీలో ‘టార్గెట్ రిమోట్ లోకల్‌హోస్ట్:2345’ అంటే సరి.

తల్లిదండ్రులకు ఒక మాట. కొత్తగా కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో నేను సెలవు మీద వెళ్తూ నా పాస్‌వర్డ్ ఒక సహోద్యోగికి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి నా పేరు మీద తప్పు ఎంట్రీ ఒకటి ఉంది. అది నేను చేయలేదని నిరూపించడానికి ఏ కాగితమూ లేదు. సంజాయిషీ రాసి, తేడా సొమ్ము నేనే కట్టాను. స్నేహితురాలు ప్రాజెక్టు కోసం కీ ఉన్న ఫైలు పెన్‌డ్రైవ్‌లో అడిగినప్పుడు మా మనుమరాలికి ఇది చెప్పాను. "లేదు తాతయ్యా, తన కీ తనే చేసుకుంటుంది. సర్వర్‌లో తన ఖాతా తనకుంది" అంది. లాప్‌టాప్‌కు ఒకటి, ఇంటి కంప్యూటర్‌కు ఒకటి విడివిడిగా కీలు కూడా చేసుకుంది. ఒకటి పోతే జాబితాలో ఆ ఒక్క వరుస తీసేస్తే సరిపోతుందట.