నల్ల సముద్రానికి తాళం ఎవరి చేతిలో?

ప్రపంచ పటంలో రష్యాను చూడండి. విస్తీర్ణంలో దానికి సాటి లేదు. కానీ ఉత్తర తీరంలో చాలా భాగం చలికాలంలో గడ్డకడుతుంది. మంచు పట్టని ఓడరేవు కోసం ఆ దేశం చూపు ఎప్పుడూ దక్షిణం వైపే. 1783లో క్రిమియాను కలుపుకొని సెవస్తోపోల్‌లో నౌకాస్థావరం పెట్టింది.

తీరా అక్కడికి చేరాక ఇంకో చిక్కు. నల్ల సముద్రం నుంచి మధ్యధరా సముద్రంలోకి సహజమైన దారి ఒక్కటే. అదీ టర్కీ వాకిట్లోంచి! ఉత్తరం నుంచి వస్తే ముందు బోస్ఫరస్ జలసంధి, తర్వాత మర్మరా సముద్రం, ఆపై డార్డనెల్స్ జలసంధి, చివరికి ఏజియన్ సముద్రం. ఈ వరుసను తారుమారు చేసి మార్కు పోగొట్టుకోకండి. బోస్ఫరస్ పొడవు సుమారు 30 కి.మీ., బాగా ఇరుకైన చోట వెడల్పు 700 మీటర్లే. దాని రెండు ఒడ్డుల మీదా ఇస్తాంబుల్ నగరమే: ఒకటి ఐరోపా, రెండోది ఆసియా.

ఈ దారి కోసం యుద్ధమూ జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో బ్రిటన్, ఫ్రాన్స్ డార్డనెల్స్‌ను పట్టుకోబోయి, దాని ఒడ్డునున్న గల్లిపోలిలో భంగపడ్డాయి.

పరీక్షకు అసలు ముఖ్యమైనది ఈ జలసంధుల్లో రాకపోకలపై కుదిరిన 1936 నాటి మాంట్రో ఒప్పందం. దీని ప్రకారం శాంతికాలంలో వాణిజ్య నౌకలకు అడ్డులేదు. నల్ల సముద్ర తీరం లేని దేశాల యుద్ధనౌకలు మాత్రం 21 రోజులకు మించి ఆ సముద్రంలో ఉండకూడదు. యుద్ధం వస్తే పోరాడే దేశాల యుద్ధనౌకలను టర్కీ ఆపవచ్చు. సొంత స్థావరానికి తిరిగి వెళ్లేవాటికి మినహాయింపు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022లో టర్కీ ఈ నిబంధననే అమలు చేసింది.