నీడ కాఫీని యంత్రం అడవి అనుకుంటే?

యూరప్‌కు పోయే కాఫీ ఇకమీదట తాను పండిన తోట ఆనవాలు వెంటబెట్టుకుని పోవాలి. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికి వేసిన తోటల పంటను తమ దేశాల్లో అమ్మనివ్వరాదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలు రెండుసార్లు వాయిదా పడింది. 2025 డిసెంబర్‌లో మార్చిన గడువు ప్రకారం పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబర్ 30, చిన్న సంస్థలకు 2027 జూన్ 30. లెక్క అప్పజెప్పాల్సింది అక్కడి దిగుమతిదారే. కానీ ఆ వివరం పాడేరు, అరకు కొండల మీద ఎకరం, రెండెకరాలున్న రైతు దగ్గర నుంచే వెళ్లాలి. వివరం లేని సరుకు ఆ దారిన పోదు.

వేలాది తోటలను మనుషులు తిరిగి చూడలేరు. అందుకే ఈ పనికి కృత్రిమ మేధను, అంటే ఉదాహరణలు చూపి నేర్పితే పోల్చి చెప్పే కంప్యూటర్‌ను వాడుతున్నారు. సెంటినెల్ ఉపగ్రహాల ఫోటోలో ఒక్కో చుక్క 10 మీటర్ల నేల. 2020 నాటి ఫోటోనూ ఇప్పటిదీ పోల్చి, చెట్లు పోయిన చోటును కంప్యూటర్ పట్టి చూపుతుంది. వానాకాలం మబ్బుల్లో రాడార్ ఉపగ్రహం ఆదుకుంటుంది.

చిక్కల్లా మన తోటల తీరుతోనే. మనది నీడ కాఫీ. పైనుంచి చూస్తే సిల్వర్ ఓక్ తలలే తప్ప కింది కాఫీ కనపడదు. అలా తోట అడవి కింద నమోదైందనుకోండి, తర్వాత నీడ పలచన చేసినా, ముదిరిన ఓక్ అమ్ముకున్నా అడవి కొట్టేశారని యంత్రం అనుమానపడవచ్చు. బ్రెజిల్‌లో ఎక్కువ తోటలు ఎండ తోటలు. అక్కడి ఫోటోలతో నేర్చిన యంత్రానికి అరకు తోట అర్థంకాదు. ఇది నీడ తోట, అది సహజ అడవి అని మన కొండల్లోని చోట్లనే గుర్తించి చూపాలి. చట్టంలో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. ప్రధానంగా సేద్యంలో ఉన్న భూమి, పైన చెట్లున్నా సరే, అడవి కాదు. కనుక యంత్రం చెప్పిందే తీర్పు కాదు, రుజువు చూపితే సరిదిద్దుకోవచ్చు.

నాలుగు హెక్టార్లు, అంటే సుమారు పదెకరాల లోపు తోటకు ఒక్క బిందువు చాలు. అంతకు మించితే హద్దు చుట్టూ తిరిగి గుర్తించాలి. బిందువును ఇంటి దగ్గర కాదు, తోట మధ్యన తీయించండి. చెట్ల కింద ఫోన్ తడబడుతుంది, కాస్త తెరపి ఉన్నచోట రెండు నిమిషాలు ఆగాలి. రెండు చోట్ల తోటలుంటే రెండు బిందువులు. దశాంశం తర్వాత ఆరు అంకెలు ఉండాలి. మూడే రాస్తే చోటు పదుల మీటర్లు జరిగి పక్క రిజర్వు అడవిలో పడవచ్చు. అరకు దగ్గర అక్షాంశం 18 చిల్లర, రేఖాంశం 82 చిల్లర. ఈ రెండూ తారుమారైతే మీ తోట ఉత్తర ధ్రువం పక్కన సముద్రంలో తేలుతుంది!

కాగితాలూ ముఖ్యమే, ఎందుకంటే భూమి చట్టబద్ధమా అని కూడా ఆ చట్టం అడుగుతుంది. ఆర్వోఎఫ్ఆర్ పట్టా, ఐటీడీఏ మొక్కలిచ్చిన ఏటి రికార్డు, గింజలు అమ్మిన రసీదులు ఒక సంచిలో దాచుకోండి. 2025లో భారత్‌ను తక్కువ ముప్పున్న దేశాల జాబితాలో చేర్చారు. దాంతో తనిఖీలు తగ్గుతాయి తప్ప బిందువు ఇవ్వక తప్పదు. కొత్తగా పోడు కొట్టి కాఫీ వేస్తే ఆ గింజలు వేరే తోట గింజల్లో కలిసినా మొత్తం లాటుకే ముప్పు.

ఓక్ కొట్టించే పని ఉంటే ముందూ, తర్వాతా కింది కాఫీ మొక్కలు కనపడేలా ఫోటోలు తీయించి, వెనక తేదీ రాసి ఆ సంచిలోనే వేయండి.