గొఱ్ఱెల నట్టలు – వగరు మేత

అల్వాల్ నుండి మేడ్చల్, శామీర్‌పేట వైపు పోవునపుడు చెరువుగట్ల ప్రక్క గొఱ్ఱెలమందలు మేయుచుండుట విద్యార్థులు చూచియే యుందురు. కురుమలకును గొల్లలకును మందయే ఆస్తి. ఆ యాస్తిని దోచు శత్రువొకటి గొఱ్ఱె కడుపులోనే దాగియుండును. దానినే మనవారు నట్టలందురు. ఈ పాఠమున నట్టలు చేయు హానిని, వానిని చెట్లమేత ఎంతవరకు అదుపులో నుంచగలదో దానిని విచారింతము.

నట్టలలో మిక్కిలి అపాయకరమైనది హీమాంకస్ అను సన్నని పురుగు. ఇది గొఱ్ఱె నాలుగవ కడుపున చేరి రక్తము పీల్చును. ఒక్కొక్క పురుగువలన దినమునకు సుమారు 0.05 మిల్లీలీటరు రక్తము పోవును. ఇది స్వల్పముగా తోచవచ్చును. కాని లెక్క కట్టి చూడుడు. పురుగులు 1,000 ఉన్నచో దినమునకు 50 మిల్లీలీటర్లు, నెలకు లీటరున్నర. 25 కిలోల గొఱ్ఱె దేహములోని రక్తమంతయు దాదాపు అంతియే! పోయిన రక్తమును గొఱ్ఱె తన మేతలోని మాంసకృత్తులతో మరల చేసికొనవలెను. చేసికొనలేనిచో కనుఱెప్ప లోపలి పొర తెల్లబడును. దవడ క్రింద నీరు దిగును. తుదకు గొఱ్ఱె చచ్చును.

ఆడపురుగు దినమునకు 5,000 మొదలు 10,000 వరకు గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో నేలబడి, వెచ్చదనమును తేమయును దొరకినచో వారము దినములలో పిల్లపురుగులై తడిగడ్డిపైకి ప్రాకును. అవి చాలవరకు నేలనుండి రెండు మూడు అంగుళముల ఎత్తులోపలనే యుండును. గడ్డిని మొదలంట కొరుకు గొఱ్ఱె వానిని మ్రింగును. ఎండకాలమున ఇవి మాడిపోవును. వానకాలమున పెచ్చు పెరుగును. అల్వాల్ 2007లో హైదరాబాదు మహానగర పాలనలో చేరినది. ఇండ్లు పెరిగి బీళ్లు తరిగినకొలది మందలు చెరువుల తడిపట్లనే మాటిమాటికి మేయవలసివచ్చును. నట్టలకు కావలసినదియు అదియే.

మందులు లేవా యందురేమో. కలవు. థయాబెండజోల్ అను మందు 1961లో వచ్చినప్పుడు నట్టల పీడ తీరినదని లోకము తలచెను. కాని 1964 నాటికే ఆ మందునకు లొంగని పురుగులు అమెరికాలో కనబడెను. అటుపిమ్మట వచ్చిన మందులకును ఇదే గతి పట్టినది. మన దేశపు మందలలోను ఇట్టి పురుగులు కలవు. మందలోని ప్రతి గొఱ్ఱెకును ఒకే మందును పలుమారు త్రాగించినచో, చావక మిగిలిన పురుగుల సంతతియే వృద్ధిపొందును.

ఇక చెట్లమేత మాట. తంగేడు చెక్కతోను తుమ్మచెక్కతోను తోలు ఊనుటను మన పల్లెలు చిరకాలమునుండి యెరుగును. ఆ చెక్కలలోని వగరు పదార్థమునకు టానిన్ అని పేరు. అది పచ్చితోలులోని మాంసకృత్తులను పట్టుకొని గట్టిపరచును. గొఱ్ఱె కడుపులోను దాని గుణమిదియే. ఒకవైపున అది నట్టల శరీరమును అంటి, పిల్లపురుగులు నిలద్రొక్కుకొనకుండ అడ్డుపడి, గ్రుడ్లను తగ్గించును. మరియొకవైపున మేతలోని మాంసకృత్తులు మొదటి కడుపులోనే విరిగిపోకుండ కాపాడి ముందుకు పంపును. అందుచే గొఱ్ఱెకు పోయిన రక్తమును పూరించుకొను బలము కలుగును.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో లెస్పెడీజా అను వగరుమేతను ఇందుకై పండింతురు. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో జువ్వియాకును జామాకును ఎండబెట్టి పొడిచేసి మేతలో కలిపి పరీక్షించిరి. మన ప్రాంతమున నల్లతుమ్మ, సుబాబుల్ వగరుజాతివే. వేప సంగతి వేరు: అది చేదు, మరియు దానిపై జరిగిన పరీక్షల ఫలితములు ఒక్క తీరుగా లేవు.

చెట్టుమేతలో మరియొక మేలు కలదు. కాపరి దోటితో కోసిన కొమ్మపైకి పిల్లపురుగు ప్రాకజాలదు. కొమ్మలను పెంటికలపై పడవేయక గుంజకు వ్రేలాడగట్టినచో ఈ మేలు పూర్తిగా దక్కును.

అయినను హద్దు మరువరాదు. టానిన్ మేత ఎండుబరువులో నూటికి 5 పాళ్లు మించినచో గొఱ్ఱె మేత తగ్గించును, చిక్కిపోవును. సుబాబుల్‌లో మిమోసిన్ అను విషపదార్థము కలదు. అధికమైనచో బొచ్చు రాలును. కావున అది మొత్తము మేతలో మూడవవంతు మించరాదు. అన్నింటికంటె ముఖ్యము, వగరుమేత నట్టలను తగ్గించునేగాని నిర్మూలింపదు. పాలిపోయిన గొఱ్ఱెకు ఆకు వేసి ఊరకుండుట దానిని చంపుటయే. దానికి పశువైద్యుని మందు తప్పదు.

మరి మందు దేనికీయవలెను? దక్షిణాఫ్రికాలో ఫామాచా అను రంగులపటమును కల్పించిరి. క్రింది కనుఱెప్పను దించి లోపలి రంగును పటముతో పోల్తురు. ఎఱ్ఱనిది ఒకటి, తెల్లనిది అయిదు. నాలుగు, అయిదు అంకెల గొఱ్ఱెలకు మందు తప్పక యిత్తురు. ఒకటి, రెండు అంకెల వానిని విడుతురు. ఇట్లు చేసినచో మందు పదును చాలకాలము నిలుచును.

మందలున్న ఇంటి పిల్లలు ఈ సెలవులలో పెద్దల యనుమతితో పది గొఱ్ఱెల కనుఱెప్పలను చూచి, రంగును పుస్తకమున వ్రాయుడు. పదునైదు దినములకు మరల చూడుడు. తెల్లబడుచున్న దానిని తండ్రికి చూపుడు. తల్లిదండ్రులారా, గట్టుమీది తుమ్మను మొదలంట నరుకనీయకుడు. కొమ్మ కోయుడు, చెట్టును నిలుపుడు. చెట్టు నిలిచినచో మందకు మేతయు నిలుచును.