పక్కింటి గోడ హద్దు దాటినప్పుడు

పట్టణాల్లో స్థలం ఇరుకైపోయింది. అరవై గజాలు, ఎనభై గజాల ఇంట్లో మూడు తరాలవారు సర్దుకోవలసి వస్తోంది. కొడుక్కి పెళ్లి కుదిరితే ఒక గది కావాలి. దానికోసం పైన మరో అంతస్తు వేస్తారు. పక్కన వదలవలసిన ఖాళీలోకి వంటగది జరుపుతారు. గల్లీ మీదికి మెట్లు దింపుతారు. ఛజ్జాకు గోడలు లేపి గదిగా మార్చేస్తారు. మునిసిపాలిటీకి ఇచ్చిన ప్లానులో ఇవేవీ ఉండవు. ఇలా కట్టుకునే మనిషి సాధారణంగా దుర్మార్గుడేమీ కాదు. మసీదులో మన భుజానికి భుజం ఆనించి నమాజుకు నిలబడేవాడే, మన ఇంట మయ్యిత్ అయితే ముందుగా వచ్చేవాడే. కాని అతని కొత్త గోడ మూలంగా పక్కింటి గదిలో పట్టపగలు దీపం వేయవలసి వస్తుంది. అతని మేడ మీది కిటికీ తెరిస్తే పక్కింటి పెరడంతా కనిపిస్తుంది. ఆ ఇంటి ఆడవాళ్లు బట్టలు ఆరవేసుకోవడానికి కూడా బయటికి రాలేరు. వాన పడితే అతని డాబా నీళ్లు వీరి గోడలోకి దిగుతాయి.

ఊరుకుంటే హక్కు పోతుంది, ఫిర్యాదు చేస్తే పొరుగు పోతుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలని అడిగేవారు చాలామంది ఉన్నారు. కట్టుకున్నవారిని అడిగితే వారి దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది: "మేం డబ్బు కట్టేశాం, మాది రెగ్యులరైజ్ అయిపోయింది." ముందుగా ఈ మాట సంగతి చూద్దాం. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007 చివరిలో భవనాల అపరాధ రుసుము పథకాన్ని తెచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 15కు ముందు ప్లానుకు విరుద్ధంగా కట్టినవాటికి రుసుము తీసుకుని క్రమబద్ధీకరించే ఏర్పాటు అది. తెలంగాణలోనూ 2015లో అలాంటి పథకమే ప్రకటించారు. ఇలాంటి పథకాల్లో ప్రభుత్వం తన హక్కును వదులుకుంటుంది. తన నిబంధన మీరినందుకు తనకు రావలసిన జరిమానా తాను తీసుకుంటుంది. పక్కింటివాడి వెలుతురుకు, పరదాకు, జానెడు నేలకు ప్రభుత్వం యజమాని కాదు. తనది కానిదాన్ని అది క్షమించనూ లేదు, అమ్మనూ లేదు. అల్లాహ్ దాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) ఆ దాసుడు వదిలితేనే వదులుతాయన్నది మన విద్వాంసులందరూ ఎరిగిన సూత్రం.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఈ విషయాన్ని తేటతెల్లం చేస్తుంది. మహాప్రవక్త (సఅసం) తన వద్దకు తగాదా తెచ్చినవారితో తానూ మనిషినేనని అన్నారు. వాదించడంలో ఒకరు మరొకరికన్నా గట్టివారై ఉండవచ్చునని, విన్నదాన్ని బట్టి తాను తీర్పు చెబుతానని, ఆ తీర్పులో ఎవరికైనా తన సోదరుని హక్కు దక్కితే అది నిప్పుముక్కేనని హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). సాక్షాత్తూ దైవప్రవక్త (సఅసం) తీర్పుతో చేతికందినా పరాయి సొత్తు హలాల్ కానప్పుడు, మునిసిపాలిటీ కౌంటరులో ఇచ్చిన రసీదుతో హలాల్ అవుతుందా? ఆ రసీదును చూసి కూల్చేవాళ్లు రాకపోవచ్చు. ప్రళయదినాన పొరుగువాడు వస్తాడు.

దీని అర్థం మునిసిపాలిటీ నిబంధనలు తేలికైనవని కాదు. ప్లాను మీద సంతకం చేసినవాడు 'ఇలాగే కడతాను' అని మాట ఇచ్చాడు. మాట నిలుపుకోవడం విశ్వాసికి దివ్య ఖుర్ఆన్ విధించిన బాధ్యత. పక్కల ఖాళీ వదలాలనే నిబంధన గాలి కోసం, వెలుతురు కోసం, మంటలు అంటుకుంటే మనుషులు బయటపడడం కోసం పెట్టినది. ప్రజల మేలుకోసం పెట్టిన ఇలాంటి నిబంధనను పాటించడం షరీఅత్ దృష్టిలోనూ తప్పనిసరే.

ఏది బాధ, ఏది చికాకు?

నష్టపోయానని భావించే పొరుగువాడు కూడా ముందు తన మనసును తాను ప్రశ్నించుకోవాలి. పక్కవాడి మేడ లేచినందుకు కలిగే బాధ అంతా హక్కు కాదు. అందులో కొంత అసూయ కూడా ఉంటుంది. మన ఫిఖహ్ పండితులు ఈ రెండింటినీ చాలా జాగ్రత్తగా వేరుచేశారు.

హనఫీ మస్లక్‌లో అసలు సూత్రం ప్రకారం, తన స్థలంలో తాను ఏం చేసుకున్నా యజమానిని ఆపే వీలులేదు. కాని తర్వాతి కాలపు హనఫీ విద్వాంసులు పట్టణాల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండడాన్ని చూసి, పొరుగువారికి స్పష్టమైన, పెద్ద నష్టం (జరరె ఫాహిష్) కలిగితే ఆపాల్సిందేనని ఫత్వా ఇచ్చారు. ఎవరికీ నష్టం కలిగించరాదు, నష్టానికి బదులుగా నష్టమూ చేయరాదు అన్న భావంగల ప్రసిద్ధ హదీసు (ఇబ్నె మాజా, ముఅత్తా) వారికి ఆధారం. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869 - 1876 మధ్య హనఫీ ఫిఖహ్ ఆధారంగా రూపొందిన 'మజల్లా' అనే ధర్మశాస్త్ర సంహితలో ఈ విషయాలు ఒక్కొక్కటిగా నిర్ణయించబడ్డాయి. పొరుగువాడి గోడ వల్ల మన ఇంటికి గాలి తగ్గడం, దూరపు దృశ్యం మరుగుపడడం పెద్ద నష్టం కింద రాదు. వెలుతురు పూర్తిగా మూసుకుపోయి, గదిలో కూర్చుని రాసింది చదవలేని స్థితి వస్తే మాత్రం అది పెద్ద నష్టమే. గదికి రెండు కిటికీలుండి ఒకటే మూసుకుపోతే ఆ ఫిర్యాదు నిలవదు. ఇక ఆడవారు మసలే చోటు, అంటే వంటయిల్లు, బావిగట్టు, ఇంటి ముంగిలి పక్కింటి కొత్త కిటికీ నుంచి కనిపిస్తే అది పెద్ద నష్టం కిందికే వస్తుంది. దాన్ని తొలగించాలి. అయితే తొలగించడమంటే కిటికీకి ఇటుకలు పేర్చి మూసెయ్యడమే కాదు. చూపు ఆగేలా అడ్డుగోడో, అడ్డుతెరో పెడితే సరిపోతుంది. మన కాలంలో పనికివచ్చే గొప్ప వివేకం ఇందులో ఉంది. కిటికీకి గరుకు అద్దం బిగిస్తే పోయే బాధకు మేడంతా కూల్చమని పట్టుబట్టడం న్యాయం కాదు.

నేల ఆక్రమణ సంగతి వేరు. అక్కడ చిన్నదీ పెద్దదీ అన్న తేడా లేదు. జానెడు నేలను అన్యాయంగా కలుపుకున్నవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర దాన్ని తగిలించడం జరుగుతుందని మహాప్రవక్త (సఅసం) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). దీన్ని ఉల్లేఖించిన హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) మీదే అర్వా అనే స్త్రీ తన భూమి ఆక్రమించాడని మదీనా అధికారి మర్వాన్ దగ్గర దావా వేసింది. దైవప్రవక్త (సఅసం) నోట ఆ మాట విన్న తర్వాత కూడా నేను ఆమె నేల తీసుకుంటానా అని ఆయన అడిగారు, ఆ నేలను ఆమెకే వదిలేశారు. ఆమె అబద్ధమాడుతూ ఉంటే ఆమె చూపు పోవాలని, ఆ నేలలోనే ఆమె చావాలని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆమె చూపు పోయింది, ఆ నేలలోనే ఒక గోతిలో పడి మరణించింది (ముస్లిం). ఈ సంఘటనను మనం ఆక్రమించేవారికి మాత్రమే వినిపిస్తుంటాం. నిజానికి ఇక్కడ శిక్షకు గురైంది తప్పుడు ఫిర్యాదు చేసిన వ్యక్తి.

దారి మీదికి పొడుచుకువచ్చే కట్టడాల గురించి ఒక మాట. దారి వెడల్పు విషయంలో తగవు వస్తే ఏడు మూరలు వదలాలని హదీసులో ఉంది. అంటే సుమారు పదిన్నర అడుగులు. మన బస్తీల్లో ఎన్ని గల్లీలు ఈ కొలతకు నిలుస్తాయో పాఠకులే చూసుకోవాలి. హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటి నీటితూము దారిలో పడుతోందని ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని తీయించారు. దాన్ని స్వయంగా దైవప్రవక్త (సఅసం) అమర్చారని అబ్బాస్ (రజి) చెప్పగానే ఉమర్ (రజి) కదిలిపోయారు. నా వీపు మీద ఎక్కి దాన్ని మళ్లీ పెట్టండని పట్టుబట్టారు (ముస్నద్ అహ్మద్). దారిన పోయేవారికి ఇబ్బంది అనుకున్నప్పుడు ఖలీఫా ప్రవక్త పినతండ్రినైనా మినహాయించలేదు. హక్కు రుజువైనప్పుడు తన అధికారాన్నీ పట్టించుకోలేదు.

ఓర్పు ఎంతవరకు?

పొరుగువాడు తన గోడలో దూలం పెట్టుకుంటానంటే అడ్డుచెప్పవద్దని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఇది విన్నవారు మొహాలు తిప్పుకుంటే ఆయన మందలించారు కూడా (బుఖారీ, ముస్లిం). ఇమామ్ అహ్మద్ (రహ్మ) దీన్ని తప్పనిసరి ఆదేశంగా తీసుకున్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ), ఇమామ్ మాలిక్ (రహ్మ) ప్రోత్సాహకరమైన మంచిపనిగా భావించారు. ఏదేమైనా మనకు నష్టం లేనిచోట పొరుగువాడికి వెసులుబాటు ఇవ్వడమే ధర్మానికి దగ్గర. పొరుగువాడు ముస్లిం కాకపోయినా ఇంతే. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన మళ్లీ మళ్లీ అడిగారు (తిర్మిజీ).

నిజమైన నష్టమే ఉంటే పునాది తవ్వుతున్న రోజే వెళ్లి మాట్లాడాలి. చాలామంది స్లాబు పడేదాకా లోలోపల ఉడికిపోతూ ఉండి, అప్పుడు కాగితాలు పట్టుకుని ఆఫీసుకు పోతారు. పది సంచుల సిమెంటుతో సరిదిద్దగలిగేది అప్పటికి పది లక్షల వ్యవహారమవుతుంది. ఒంటరిగా వెళ్లండి. జుమా రోజు జమాఅత్ ముందు నిలదీస్తే అతను గోడను కాదు, తన పరువును కాపాడుకోవడానికి పోరాడతాడు. ఇద్దరి దస్తావేజులూ ముందు పెట్టుకుని, ఇద్దరి ఎదుటా టేపు పట్టి కొలవండి. కొలిస్తే తేలిపోయే తగాదాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కోసారి హద్దు దాటింది మన పాతగోడే అని తేలుతుంది!

వినకపోతే? ఒక వ్యక్తి మహాప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి పొరుగువాడి మీద మొరపెట్టుకున్నాడు. ఓర్చుకోమన్నారు. రెండుమూడు సార్లు వచ్చాక, నీ సామాను తెచ్చి దారిలో పెట్టుకో అన్నారు. దారిన పోయేవారు ఎందుకని అడగడం, విషయం తెలిసి ఆ పొరుగువాడిని శపించడం మొదలైంది. చివరికి అతనే వచ్చి, ఇంట్లోకి పద, ఇక నీకు నచ్చనిదేదీ చేయనని వేడుకున్నాడు (అబూ దావూద్). అంటే ఓర్పుకు ఒక హద్దుంది. అది దాటాక నలుగురికి తెలియజేయడం తప్పు కాదు. ఇమామ్ నవవీ (రహ్మ) పరోక్ష నింద కిందికి రాని సందర్భాలను చెబుతూ, అన్యాయానికి గురైనవాడు న్యాయం చేయగలవాడికి మొరపెట్టుకోవడాన్ని వాటిలో చేర్చారు. కనుక మహల్లా పెద్దల దగ్గరికి, ఆ తర్వాత టౌన్ ప్లానింగ్ అధికారి దగ్గరికి వెళ్లడం చాడీ చెప్పడం కాదు. కాని ఫిర్యాదులో ఒక్క అంగుళం కూడా ఎక్కువ రాయకూడదు. అధికారి చేతిలో డబ్బు పెట్టి గోడ కూల్పించడం లంచమే. ఆ గోడ అన్యాయపు గోడ అయినా సరే.

ఫిర్యాదుకు వెళ్లేవారు మరొకటి తెలుసుకోవాలి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు, సంజాయిషీ నోటీసు లేకుండా, కనీసం 15 రోజుల గడువివ్వకుండా కట్టడాలు కూల్చరాదని ఆదేశించింది. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఇది వర్తించదని కూడా చెప్పింది. ఆ తర్వాత నెల, డిసెంబరు 17న ఇచ్చిన మరో తీర్పులో, కాలం గడిచిపోవడం గాని, డబ్బు ఖర్చయిపోవడం గాని అక్రమ కట్టడాన్ని సక్రమం చేయవని స్పష్టం చేసింది. కట్టేసిన తర్వాత ఎవరేం చేస్తారులే అనుకునేవారు ఈ రెండో తీర్పును గుర్తుంచుకోవాలి. రాత్రికి రాత్రి జేసీబీ తెప్పిస్తానని బెదిరించేవారు మొదటిదాన్ని గుర్తుంచుకోవాలి.

ఈ మధ్య ఒక కొత్త దురాచారం కనిపిస్తోంది. ఎవరింటి పని మొదలైతే వారి మీద ఫిర్యాదు పెట్టడం, తర్వాత కొంత సొమ్ము తీసుకుని వెనక్కి తీసుకోవడం. దీన్ని కొందరు 'సులహ్' అంటున్నారు. సులహ్ పవిత్రమైన మాట. నిజంగా వెలుతురు కోల్పోయినవాడు, గోడ తడిసి పాడైనవాడు పరిహారం తీసుకుని రాజీపడితే అది ధర్మసమ్మతమే. నష్టమేమీ లేకుండా, ఫిర్యాదు భయం చూపి తీసుకున్న సొమ్ము మాత్రం హరాం. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినడాన్ని, దానికోసం వ్యవహారాన్ని అధికారుల వద్దకు తీసుకుపోవడాన్ని ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఒకే ఆయతులో (188) నిషేధించింది. ఆ ఆయతు మన గల్లీ గురించే అన్నట్టుంది.

రాజీ కుదిరితే దాన్ని కాగితం మీద పెట్టండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. కేసు వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు. నేల కలిసిపోయిన వ్యవహారాల్లో కూడా దారి ఉంది. పరాయి నేల మీద కట్టినవాడు కూల్చి నేలను అప్పగించాలన్నది ఫిఖహ్‌లో మూల నియమం. అయితే అతను ఏదో దస్తావేజును నమ్మి, తన నేలే అనుకుని కట్టి, కట్టడం విలువ నేల విలువను మించి ఉంటే, నేల ఖరీదు చెల్లించి ఉంచుకోవచ్చునని మజల్లా నిర్ణయించింది. తెలిసి కలుపుకున్నవాడికి ఈ వెసులుబాటు లేదు.

ఇక ఇల్లు అమ్మేటప్పుడు, వారసత్వంగా వచ్చినప్పుడు కూడా ఈ లెక్క వెంట వస్తుంది. లోపాన్ని చెప్పకుండా అమ్మడం ముస్లింకు తగదని హదీసు (ఇబ్నె మాజా). మూడో అంతస్తుకు అనుమతి లేదని, పక్కగోడ మీద తగవుందని కొనేవాడికి ముందే చెప్పాలి. తండ్రి పోయాక ఇల్లు పంచుకునే కొడుకులు ఆయన అప్పులు తీర్చినట్టే, ఆయన కలుపుకున్న పొరుగువారి నేల ఉంటే దాన్ని ముందు తిరిగి ఇవ్వాలి, లేదా వారిని ఒప్పించి క్షమాపణ పొందాలి. ఆ నేల వారి తండ్రిది కాదు గనుక వాటాల లెక్కలోకే రాదు.