కొత్త గిటారులో అపశ్రుతి: దోషమా, సర్దుబాటా?

ప్రవాస తెలుగు కుటుంబాలలో ఈనాడు వీణ, వయొలిన్, మృదంగాలతో పాటు ఎలక్ట్రిక్ గిటారు కూడా చోటు సంపాదించుకొన్నది. పుట్టినరోజు కానుకగా అది పిల్లల చేతికి వస్తుంది. పెట్టె విప్పి రెండు రోజులు వాయించేసరికి లోపాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఒక తీగ జిర్రుమంటుంది. విడిగా మీటినప్పుడు శ్రుతిలో ఉన్న తీగ, పైమెట్లపై నొక్కితే శ్రుతి తప్పుతుంది. ఏమీ వాయించకపోయినా ఆంప్లిఫయరు హోరు పెడుతుంది. అప్పుడు ఇంట్లో రెండు తీర్పులు వెలువడతాయి. ఒకటి: "వస్తువు నాసిరకం". రెండు: "వీడికి శ్రుతిజ్ఞానం లేదు". రెండూ తొందరపాటు తీర్పులే కావచ్చు. రెండవది మరింత హానికరం. వాద్యం చేసిన తప్పును తన తప్పుగా నమ్మిన పిల్లవాడు అభ్యాసమే మానివేయవచ్చు.

కొత్త గిటారులో కనిపించే లోపాలు మూడు విధాలు. మరచీలతో సరిదిద్దగలిగినవి మొదటి రకం. ప్రతి గిటారులోనూ సహజంగా ఉండేవి రెండవ రకం. నిర్మాణంలోనే దొర్లినవి మూడవ రకం. మొదటిదానిని సరిచేయాలి, రెండవదానిని అర్థం చేసుకోవాలి, మూడవదానిని తిప్పి పంపాలి. వస్తువును తిరిగి ఇవ్వడానికి అంగడివారు ఇచ్చే గడువు పరిమితం. కనుక ఈ విచక్షణ మొదటి వారంలోనే అవసరం.

మైనపు మెట్లు, లోహపు మెట్లు

వీణలోని 24 మెట్లను మైనంపై నిలుపుతారు. కాలక్రమంలో స్వరస్థానాలు తప్పితే, నిపుణుడు మైనాన్ని సవరించి, చెవితో సరిచూస్తూ మెట్లను మళ్లీ అమరుస్తాడు. గిటారు మెట్లు అలా కదలవు. అవి కర్రలో గాళ్లు కోసి బిగించిన లోహపు కడ్డీలు. వాటి స్థానాలను గణితం నిర్ణయిస్తుంది. ఒక స్థాయి పెరిగితే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. ఆ స్థాయిని 12 సమాన నిష్పత్తులుగా విభజిస్తే, ఒక్కొక్క మెట్టుకు పౌనఃపున్యం సుమారు 1.0595 రెట్లు పెరుగుతుంది. తీగ పొడవు 648 మిల్లీమీటర్లు ఉన్న గిటారులో మొదటి మెట్టు తల వద్ద నుండి 36.4 మి.మీ. దూరంలోను, 12వ మెట్టు సరిగ్గా సగంలో, అంటే 324 మి.మీ. వద్ద ఉంటాయి.

ఈ విభజనలోనే రెండవ రకం "లోపం" ఒకటి ఇమిడి ఉన్నది. శుద్ధమైన అంతర గాంధారం షడ్జమానికి 1.25 రెట్లు. గిటారు నాలుగవ మెట్టు ఇచ్చేది 1.26 రెట్లు. స్థాయిని 1200 సెంట్లుగా భాగిస్తే ఈ తేడా సుమారు 14 సెంట్లు. కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన తల్లిదండ్రుల చెవికి ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఇది గిటారు దోషం కాదు. ఏ స్వరాన్నైనా ఆధారంగా తీసుకొని వాయించగలగడం కోసం చేసుకొన్న రాజీ.

పైమెట్లలో శ్రుతి తప్పడం

తీగను మెట్టుపై నొక్కినప్పుడు అది కొద్దిగా సాగుతుంది. బిగువు పెరిగి శ్రుతి హెచ్చుతుంది. మెట్లు కదలవు గనుక ఈ తేడాను తీగ రెండవ చివర సర్దుతారు. అక్కడ ప్రతి తీగ కింద శాడిల్ అనే చిన్న లోహపు ఆధారం ఉంటుంది. మరచీలతో దానిని ముందుకు, వెనుకకు జరపవచ్చు.

పరీక్ష సులభం. ముందుగా కొత్త తీగలు వేయాలి. అంగడిలో నెలల తరబడి వేలాడిన గిటారు తీగలు తుప్పుపట్టి ఉండవచ్చు. తరువాత 12వ మెట్టుకు సూటిగా పైన తీగను వేలితో తాకీ తాకనట్లు ఉంచి మీటి, ఆ స్వరాన్ని ట్యూనరుపై చూడాలి. ఆపై అదే మెట్టుపై నొక్కి మీటాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనుకకు జరిపి తీగ పొడవు పెంచాలి. తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. జరిపిన ప్రతిసారీ విడితీగను మళ్లీ శ్రుతి చేసి చూడాలి. శాడిల్ తన హద్దు చేరినా శ్రుతి కుదరకపోతే, వంతెనను తప్పు స్థానంలో బిగించారని అనుమానించాలి. అది మూడవ రకం లోపం.

మెడ వంపు, ఋతుధర్మం

ఆరు తీగల మొత్తం బిగువు సుమారు 45 కిలోల బరువుకు సమానం. ఆ లాగుడుకు గిటారు మెడ ముందుకు వంగుతుంది. దానిని ఎదుర్కొనడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. సరిచేయడానికి వీలైన ఇటువంటి కడ్డీకి గిబ్సన్ సంస్థలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1923లో పేటెంటు పొందాడు. ఒక తీగను మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద ఏకకాలంలో నొక్కితే, ఎనిమిదవ మెట్టుకూ తీగకూ మధ్య విజిటింగ్ కార్డు మందమంత, అంటే 0.2 నుండి 0.3 మి.మీ. సందు ఉండాలి. సందు ఎక్కువైతే కడ్డీని బిగించాలి, లేకపోతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పరాదు.

కర్ర గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బుతుంది, విడిచిపెట్టి కుదించుకొంటుంది. తేమగల ప్రదేశంలో తయారైన గిటారు, చలికాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇంటికో, నిరంతరం ఎయిర్ కండిషనర్ నడిచే గల్ఫ్ ఇంటికో చేరితే, మెడ వెడల్పులో కొద్దిగా కుదించుకొంటుంది. లోహపు మెట్లు కుదించుకోవు. వాటి కొనలు అంచున పొడుచుకు వచ్చి వేళ్లను గీరుతాయి. నిపుణుడు ఆకురాయితో వాటిని నునుపు చేస్తాడు. గాలిలో తేమ 45 నుండి 55 శాతం మధ్య ఉంచితే కర్ర స్థిమితంగా ఉంటుంది.

జిర్రుమనే తీగ

ధ్వని ఎక్కడ పుడుతున్నదో గమనిస్తే కారణం తెలుస్తుంది. విడితీగ మాత్రమే జిర్రుమంటే, తల వద్ద తీగ కూర్చునే గాడి లోతెక్కువై ఉండవచ్చు. అన్ని చోట్లా జిర్రుమంటే తీగలు మరీ కిందికి ఉన్నాయి, లేదా మెడ వెనుకకు వంగింది. 12వ మెట్టు వద్ద తీగ ఎత్తు సన్నతీగకు సుమారు 1.6 మి.మీ., లావుతీగకు 2 మి.మీ. ఉంటే చాలామందికి సరిపోతుంది. ఒక్క మెట్టు వద్దనే జిర్రుమంటే, దాని తరువాతి మెట్టు ఎత్తుగా ఉన్నదన్నమాట. పొట్టి ఉక్కు స్కేలును వరుసగా మూడు మెట్లపై నిలిపితే, మధ్య మెట్టు ఎత్తుగా ఉన్నప్పుడు స్కేలు ఊగుతుంది. ఇటువంటి మెట్లు ఒకటి రెండు ఉంటే నిపుణుడు సరిచేయగలడు. అనేకం ఉంటే వాద్యాన్ని తిప్పి పంపడమే మేలు.

హోరు, విద్యుత్తు

మారే అయస్కాంత క్షేత్రం తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. గిటారులోని పికప్ ఆ సూత్రంపైనే పనిచేస్తుంది. కంపించే ఉక్కు తీగ అయస్కాంత క్షేత్రాన్ని కదిలిస్తే, వేల చుట్ల సన్నని రాగితీగలో సంకేతం పుడుతుంది. అదే చుట్ట గదిలోని విద్యుత్ పరికరాల క్షేత్రాన్ని కూడా గ్రహిస్తుంది. అమెరికాలో 60, బ్రిటన్‌లో 50 హెర్ట్జ్‌ల హోరు వినపడడానికి ఇదే కారణం. 1950ల దశకంలో గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను విలోమంగా కలిపి హోరును అణచే పికప్‌ను రూపొందించాడు. ఒకే చుట్ట ఉన్న పికప్‌లో కొద్దిపాటి హోరు దోషం కాదు.

తీగలను తాకగానే హోరు తగ్గితే వాటి భూసంధానం సరిగా ఉన్నట్లే. తాకితే పెరగడం, లేదా మార్పే లేకపోవడం లోపలి తీగల సంధానంలో తప్పుకు సూచన. చివరి మెట్లపై లావుతీగ స్వరం వణుకుతూ నిలకడ లేకుండా పలికితే, పికప్ మరీ దగ్గరగా ఉండి దాని అయస్కాంతాలు తీగను లాగుతున్నాయేమో చూడాలి. పికప్‌ను కొద్దిగా కిందికి దింపితే సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం ప్రయోగాలు పనికిరావు. తీగలు తాకగానే చేయి జిల్లుమంటే వెంటనే ఆంప్లిఫయరు ప్లగ్గు తీసివేయాలి. ఆంప్లిఫయరులోనో, ఇంటి విద్యుత్ అమరికలోనో భూసంధానం చెడి ఉండవచ్చు. 1972లో వేల్స్ దేశంలోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు, భూసంధానం సరిగా లేని మైక్రోఫోను తాకి వేదికపైనే మరణించాడు.

ఏది తిప్పి పంపాలి?

మెడ మెలి తిరగడం, తల వద్ద పగులు, ట్రస్ రాడ్ పూర్తిగా బిగించినా వంపు తగ్గకపోవడం, మెడ పక్కకు జరిగి అంచు తీగ మెట్ల మీది నుండి జారిపోవడం: ఇవి నిర్మాణ దోషాలు. మిగిలినవన్నీ చాలావరకు ఒక పూట పని.

పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014), నాలుగు జంట తీగల పాశ్చాత్య వాద్యానికి బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక గమకాలు పలికించాడు. వాద్యాన్ని సంగీతానికి అనువుగా మలచుకోవడం సంగీతకారుని పనిలో భాగమే. కొత్త గిటారు చేతబట్టిన పిల్లలకు మొదటి పాఠం స్వరాలు కాకపోవచ్చు. మరచీలు, ట్యూనరు, ఉక్కు స్కేలు పక్కన పెట్టుకొని తల్లిదండ్రులతో కలిసి చేసే ఈ పరీక్షే కావచ్చు. అపశ్రుతి వాద్యంలో ఉన్నదని తెలిసిన తరువాత పిల్లవాడు తన చెవిని శంకించడు.